వీసా మీద ఏం రాసి ఉందో చదివాకే పైసలు కట్టండి
విదేశాలకు పనికి, శిక్షణకు పోయేవాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ ఒక పాఠం

ఈ పీడీఎఫ్ మీకు ఊరి గ్రూపులో వచ్చిందో, చుట్టాలు పంపారో గానీ, పది నిమిషాలు పక్కన పెట్టి పూర్తిగా చదవండి. చదవడం రాని పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ఎందుకంటే విదేశం పోయేది ఒక్కరే అయినా అప్పు మీద సంతకం పెట్టేది ఇంటిల్లిపాదీ.

ఒక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి నడుస్తుంటే ఒక అమ్మ నా దగ్గరికి వచ్చారు. "సారూ, మా పోరడు దుబాయ్ పోయి మూడు నెలలాయె. ఒక్క రూపాయి పంపలే. ఏజెంటు ఫోన్ ఎత్తుత లేడు" అన్నారు. వీసా ఉందా అని అడిగితే కొంగుకు చుట్టిన ఫోన్ తీసి ఫొటో చూపించారు. చూడగానే విషయం అర్థమైంది. అది పని వీసా కాదు, విజిట్ వీసా. ఉండనిచ్చేది 60 రోజులు. ఆ అబ్బాయి అప్పటికే నెల రోజులు ఎక్కువ ఉన్నాడు.

నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ ఫొటో మూడు నెలలుగా ఆ ఇంట్లోనే ఉంది. డిగ్రీ చదివే చెల్లెలు కూడా ఆ ఇంట్లోనే ఉంది. దాని మీద ఏం రాసిందో చదివి చెప్పమని ఎవరూ అడగలేదు, ఆ పిల్లా చూడలేదు. "వీసా వచ్చింది" అన్న మాటతోనే అందరూ సంబరపడ్డారు.

ఈ పాఠం అందుకే. వీసా రావడం వేరు, ఏ వీసా వచ్చింది అనేది వేరు.

1. వీసా అంటే ఏమిటి, ఏది కాదు

వీసా అంటే ఒక దేశంలో అడుగుపెట్టడానికి ఆ దేశం ఇచ్చే అనుమతి. ఎందుకు వస్తున్నారు, ఎన్ని రోజులు ఉంటారు అన్నది దాని మీదే రాసి ఉంటుంది. చూడ్డానికి వచ్చేవాళ్లకు ఒకటి, చదువుకునేవాళ్లకు ఒకటి, పనికి వచ్చేవాళ్లకు ఒకటి, శిక్షణకు వచ్చేవాళ్లకు ఒకటి. ఒక దాని మీద పోయి ఇంకో పని చేస్తే ఆ దేశం లెక్కలో అది తప్పు. మీకు చెప్పి పంపింది ఏజెంటే అయినా, జరిమానా పడేది మీకే.

చాలామంది మూడు కాగితాలను కలిపి ఒకటే అనుకుంటారు. అవి వేరువేరు.

వీసా: దేశంలోకి రానిచ్చే కాగితం.

కాంట్రాక్టు: మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. ఏ పని, ఎంత జీతం, ఎన్ని గంటలు అన్నది ఇందులో ఉంటుంది.

అక్కడి గుర్తింపు కార్డు: దిగాక వైద్య పరీక్ష, వేలిముద్రలు అయ్యాక ఇచ్చేది. సౌదీలో దీన్ని ఇఖామా అంటారు, మనవాళ్ల నోట అకామా. దుబాయ్‌లో ఎమిరేట్స్ ఐడీ. ఇది చేతికి వస్తేనే మీరు అక్కడ చట్టప్రకారం ఉంటూ పని చేస్తున్నట్టు.

వీసా ఉండి కాంట్రాక్టు లేకపోతే జీతం ఎంతని అడిగే హక్కు చేతిలో ఉండదు. వీసా గడువు లోపల కార్డు రాకపోతే మీరు లెక్కలో లేని మనిషి అవుతారు. మన ఊళ్లల్లో దాన్నే కల్లివెల్లి అంటాం. ఆ మాట నవ్వుతూ అంటాం గానీ, ఆ బతుకు నవ్వేది కాదు. జ్వరం వస్తే ఆసుపత్రికి పోవాలన్నా భయం. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయాలన్నా భయం.

2. నాలుగు రకాల వీసాలు, నాలుగు రకాల ఫలితాలు

విజిట్ వీసా. ఇది చూసి రావడానికి. దీని మీద పని చేయకూడదు. "అక్కడికి పోయినంక కంపెనీ వీసాకు మార్పిస్తం" అని ఏజెంటు చెప్తాడు. మారితే మీ అదృష్టం. మారకపోతే యూఏఈలో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా పడుతుంది. నెల రోజులకు 1,500 దిర్హాములు. మన కూలీ మనిషికి అది ఒక నెల జీతం కంటే ఎక్కువే కావచ్చు.

ఆజాద్ వీసా, ఫ్రీ వీసా. ఈ పేరుతో ఏ దేశమూ వీసా ఇవ్వదు. జరిగేది ఏమిటంటే, అక్కడ ఒక కఫీల్ పేరు మీద వీసా తీస్తారు. మీరు పోయి వేరేచోట పని వెతుక్కుంటారు. కఫీల్‌కు ఏడాదికోసారి డబ్బు కడుతుంటారు. కాగితం మీద మీరు ఆయన దగ్గర పనిచేస్తున్నారు, నిజానికి ఎక్కడో ఉన్నారు. తనిఖీలో పట్టుబడ్డా, ఆయన మీ మీద పారిపోయాడని కేసు పెట్టినా, మీ మాట వినేవాళ్లుండరు. కొంతమంది ఇట్లా పోయి నాలుగు పైసలు సంపాదించిన మాట నిజమే. కానీ వాళ్ల కథలే ఊళ్లో తిరుగుతాయి. దెబ్బతిన్నవాళ్లు సిగ్గుపడి చెప్పుకోరు.

కంపెనీ వీసా, అంటే అసలైన పని వీసా. వీసా మీద ఉన్న కంపెనీ పేరు, కాంట్రాక్టు మీద ఉన్న కంపెనీ పేరు, మీరు పని చేయబోయే కంపెనీ పేరు మూడూ ఒకటే ఉండాలి. పని పేరు కూడా కలవాలి. మీరు ఎలక్ట్రీషియన్ అని ఒప్పుకుంటే వీసా మీద క్లీనర్ అని ఉండకూడదు. ఎందుకంటే రేపు జీతం తగాదా వస్తే అక్కడి లేబర్ ఆఫీసు చూసేది కాగితాన్నే.

శిక్షణ వీసా. ఇది మన దగ్గర కొత్తగా వినిపిస్తున్న మాట. ముఖ్యంగా జపాన్‌కు. దీని గురించి కింద విడిగా చెప్తాను, ఎందుకంటే "శిక్షణ" అన్న మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు.

ఇవి కాక ఇంకో ప్రమాదం ఉంది. కంబోడియా, మయన్మార్, లావోస్ వైపు "డేటా ఎంట్రీ ఉద్యోగం, కంప్యూటర్ వస్తే చాలు, జీతం లక్ష" అని చదువుకున్న పిల్లలను టూరిస్టు వీసా మీద పంపుతున్నారు. అక్కడ పాస్‌పోర్టులు గుంజుకుని, మన దేశంవాళ్లకే ఫోన్లు చేసి మోసం చేసే పని చేయిస్తున్నారు. 2024లో ఉత్తరాంధ్ర నుంచి కంబోడియాలో చిక్కుకున్నవాళ్ల సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అన్నారంటే, ఆ మాట దగ్గరే ఆగిపోండి.

3. మీ పాస్‌పోర్టు ఏ రకం?

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద "ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్" అని ముద్ర ఉంటుంది. వాడుకలో ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. అది మిమ్మల్ని తక్కువ చేయడానికి పెట్టింది కాదు. ఎక్కువగా మోసపోయేది వీళ్లే గనుక, పంపేముందు ప్రభుత్వం ఒకసారి కాగితాలు చూడాలని 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పెట్టిన నియమం.

ఈ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్ వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇచ్చేది ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం. మనకు హైదరాబాద్‌లో ఉంది. దరఖాస్తు అంతా ఈమైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నడుస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు గమనించండి. చూడ్డానికి పోయేవాళ్లకు ఈ క్లియరెన్స్ అవసరం లేదు. అందుకే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెట్టి, "ఎయిర్‌పోర్టులో అడిగితే బావను చూడపోతున్న అని చెప్పు" అని నేర్పిస్తారు. అట్లా చెప్పిన ఒక్క అబద్ధంతో మీకు పోయేవి ఇవి: సర్కారు కాంట్రాక్టును పరిశీలించదు, బీమా ఉండదు, మీరు పనికి పోయినట్టు మన ప్రభుత్వం దగ్గర రికార్డే ఉండదు.

ఆ బీమా పేరు ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి పోయేవాళ్లకు తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు ఇస్తారు. మూడు వందల రూపాయల కాగితం, పది లక్షల ఆసరా. విజిట్ వీసా మీద పోయినవాడి ఇంటికి ఈ ఆసరా ఉండదు.

పదో తరగతి పాసయ్యి కూడా పాత పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటే, సర్టిఫికెట్ చూపించి పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవచ్చు. కానీ ముద్ర పోయిందని జాగ్రత్త కూడా పోకూడదు. అప్పటి నుంచి కాగితాలు చూసుకోవాల్సింది మీరే.

ఆడవాళ్లకు ఒక మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలకు 30 ఏళ్లు నిండితేనే ఈ దేశాలకు పనికి పోవడానికి క్లియరెన్స్ ఇస్తారు. అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అట్లాంటి సంస్థలు. ఇంటిపనికి, అంటే ఖద్దామా పనికి, ప్రైవేటు ఏజెంటు పంపుతానంటే అది నియమానికి విరుద్ధం. "వయసు ఎక్కువ వేసి పాస్‌పోర్టు చేయిస్తం" అన్నవాడి ఇంటి గడప తొక్కకండి.

4. ఏజెంటుకు ఎంత ఇవ్వాలి? లెక్క వేద్దాం

కేంద్రంలో రిజిస్టరైన ఏజెంటు మీ దగ్గర సర్వీసు చార్జీ కింద తీసుకోగలిగింది ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 5,400. మొత్తం 35,400. దీనికి రశీదు ఇవ్వాలి. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, బీమా ఖర్చులు దీనికి వేరు.

మన ఊళ్లో జరిగేది వేరే. లక్షన్నర అడుగుతారు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తాం.

1,50,000 రూపాయలకు నెలకు మిత్తి 4,500. అసలు ముట్టకుండా రెండేళ్లు మిత్తి మాత్రమే కట్టినా 1,08,000 పోతుంది. అప్పు అట్లనే ఉంటుంది.

అదే 35,400కు అదే మిత్తి వేసి చూడండి. నెలకు 1,062. రెండేళ్లకు 25,488.

రెండింటికీ తేడా 82,512 రూపాయలు, అదీ మిత్తిలోనే. అసలులో తేడా ఇంకో 1,14,600. రెండేళ్ల ఎండలో పని చేసి ఇంటికి పంపే డబ్బులో ఎంత భాగం ఏజెంటు జేబులోకి, వడ్డీ వ్యాపారి జేబులోకి పోతుందో మీరే చూసుకోండి.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. మీ సేవలో గానీ, చదువుకున్న పిల్లలతో గానీ చూపించుకోండి. ఊళ్లో తిరిగే చాలామంది ఏజెంట్లు కారు, మధ్యవర్తులు. "మా బొంబాయి ఆఫీసుకు లైసెన్సు ఉంది" అంటే, ఆ ఆఫీసు పేరు మీదే రశీదు, ఆ ఆఫీసు ఖాతాకే డబ్బు. చేతికి నగదు ఇస్తే రేపు మీరు ఇచ్చినట్టు రుజువేది? బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో పంపి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

5. కాంట్రాక్టులో వేలు పెట్టి చూడాల్సిన చోట్లు

కాంట్రాక్టు ఇంగ్లిష్‌లో, అరబ్బీలో ఉంటుంది. భయపడకండి. ఈ ఐదు చోట్ల ఏం రాసిందో చదివించుకుంటే చాలు.

ఒకటి, మూల జీతం. ఏజెంటు "1,500 దిర్హాములు" అంటాడు. కాంట్రాక్టులో మూల జీతం 800, మిగతాది అలవెన్సులు అని ఉండొచ్చు. దీనితో ఏం నష్టం? యూఏఈలో పని వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని మూల జీతం మీదే లెక్కగడతారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల జీతం. మూల జీతం తక్కువుంటే చివర చేతికి వచ్చేదీ తక్కువే.

రెండు, తిండి, గది. కంపెనీదా, మీదా? ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ గది ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 రియాళ్లు అదనంగా ఇవ్వాలి. ఖతార్ పోయేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి.

మూడు, పని గంటలు, ఓవర్‌టైమ్. యూఏఈలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చట్టం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు.

నాలుగు, ఎన్నేళ్లు, సెలవు ఎప్పుడు, తిరుగు టికెట్ ఎవరిది.

ఐదు, పాస్‌పోర్టు. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం కంపెనీ మీ పాస్‌పోర్టును దగ్గర పెట్టుకోకూడదు. ఉద్యోగంలో పెట్టుకోవడానికైన ఖర్చులను మీ దగ్గర వసూలు చేయకూడదు.

అక్కడ దిగాక తక్కువ జీతంతో ఇంకో కాగితం పెట్టి సంతకం చేయమంటే, ముందు ఫొటో తీసుకోండి. ఇక్కడి కాంట్రాక్టు కాపీ ఇంటి దగ్గర ఉంటే ఫిర్యాదుకు అదే ఆధారం.

6. జపాన్: శిక్షణ వీసా, నైపుణ్య వీసా

జపాన్‌లో ముసలివాళ్లు ఎక్కువ, పని చేసే వయసువాళ్లు తక్కువ. అందుకే వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం, ఆహార తయారీ వంటి పనులకు బయటి దేశాల మనుషులను తీసుకుంటున్నారు. అక్కడికి పోవడానికి మనకు ఇప్పుడున్న దారులు రెండు.

మొదటిది టెక్నికల్ ఇంటర్న్ శిక్షణ. జపాన్ దీన్ని 1993లో మొదలుపెట్టింది. భారత్‌తో 2017లో ఒప్పందం కుదిరింది. మొదట ఒక ఏడాది, పరీక్ష పాసైతే మూడేళ్ల దాకా, ఆ తర్వాత అన్నీ కుదిరితే మొత్తం ఐదేళ్ల దాకా ఉండొచ్చు.

ఇక్కడ "శిక్షణ" అంటే క్లాసులో కూర్చోవడం కాదు. మొదట్లో కొన్ని వారాలు భాష, నియమాలు నేర్పుతారు. తర్వాత రోజూ పనే. జపాన్ కార్మిక చట్టాలు వర్తిస్తాయి, కనీస వేతనం ఇవ్వాల్సిందే. "నువ్వు ట్రైనీవి, నీకు స్టైపెండ్ మాత్రమే" అని ఎవరైనా అంటే అది నిజం కాదు. కానీ ఒక కట్టుబాటు ఉంది. ఏ కంపెనీకి పోయారో అక్కడే పని చేయాలి, నచ్చలేదని ఇష్టమొచ్చినట్టు మారడానికి లేదు. భార్యాపిల్లలను తీసుకుపోవడానికీ లేదు.

ఈ కట్టుబాటు వల్లనే చాలా దేశాల ట్రైనీలు ఇబ్బంది పడ్డారు. ఇంటి దగ్గర పెద్ద అప్పు చేసి పోయినవాడు, అక్కడ యజమాని సతాయించినా నోరు మెదపలేడు, పని మానలేడు. చివరికి కొందరు పారిపోయి వీసా పోగొట్టుకున్నారు. ఈ విమర్శల తర్వాత జపాన్ 2024 జూన్‌లో కొత్త చట్టం చేసింది. ఈ పాత పద్ధతి తీసేసి, 2027 ఏప్రిల్ నుంచి ఇకుసేయ్ షూరో అనే కొత్త పద్ధతి తెస్తోంది. అందులో మూడేళ్లు పని నేర్పి నైపుణ్య వీసా స్థాయికి తేవాలన్నది ఉద్దేశం. కొన్ని షరతుల మీద కంపెనీ మారే వీలు కూడా ఉంటుంది. కాబట్టి ఇప్పుడు జపాన్ శిక్షణకు పేరు ఇచ్చేవాళ్లు "నన్ను పంపేది పాత పద్ధతి కిందా, కొత్త పద్ధతి కిందా" అని తప్పక అడగాలి.

రెండోది స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా. 2019 ఏప్రిల్‌లో వచ్చింది. 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం అయ్యింది. 2024లో దీని రంగాలను 16కు పెంచారు. ఇది శిక్షణ కాదు, ఉద్యోగమే. అదే పని చేసే జపాన్‌వాళ్లతో సమానంగానో, ఇంకా ఎక్కువో జీతం ఇవ్వాలి. అదే రంగంలో కంపెనీ మారొచ్చు. మొదటి రకం వీసాపై మొత్తం ఐదేళ్లు ఉండొచ్చు, కుటుంబాన్ని తీసుకుపోలేరు. కొన్ని రంగాల్లో రెండో రకానికి ఎదిగితే కుటుంబాన్ని తీసుకుపోవచ్చు, ఎక్కువ కాలం ఉండొచ్చు.

దీనికి రెండు పరీక్షలు పాసవ్వాలి. ఒకటి పని పరీక్ష. రెండోది జపాన్ భాషా పరీక్ష, జేఎఫ్‌టీ బేసిక్ గానీ, ఎన్4 స్థాయి గానీ. వృద్ధుల సంరక్షణ పనికి పోయేవాళ్లకు ఆ పనికి సంబంధించిన భాషా పరీక్ష ఇంకోటి ఉంటుంది. ఇంటర్న్‌గా మూడేళ్లు బాగా పూర్తి చేసినవాళ్లకు అదే రంగంలో ఈ పరీక్షల నుంచి మినహాయింపు ఉంది.

ఇక్కడ నిజం చెప్పాలి. భాష రాకుండా జపాన్ దారి లేదు. రోజూ కూర్చుని చదివినా ఎన్4కు నెలలు పడుతుంది. "పరీక్ష మేం చూసుకుంటం" అనేవాడు మిమ్మల్ని మోసం చేస్తున్నాడు.

జీతం లెక్క కూడా చూద్దాం. 2024 అక్టోబరు నాటి సవరణ ప్రకారం జపాన్ కనీస వేతనం దేశ సగటున గంటకు 1,055 యెన్లు. ఊరిని బట్టి మారుతుంది, ఏటా సవరిస్తారు. రోజుకు 8 గంటలు, నెలకు 21 రోజులు అనుకుంటే 1,77,240 యెన్లు. ఇది చేతికి వచ్చేది కాదు. ఇందులోంచి పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్, గది అద్దె పోతాయి, తిండి మీదే. "లక్ష మిగులుతుంది" అనేముందు ఈ కోతల లెక్క కాగితం మీద అడగండి.

అక్కడ పెన్షన్ కింద కోసిన డబ్బులో కొంత తిరిగి వచ్చే వీలుంది. కనీసం ఆరు నెలలు కట్టి ఉండాలి. జపాన్ వదిలి వచ్చాక రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. ఈ సంగతి తెలియక వదులుకోకండి. తిరిగి వచ్చేముందే ఆ ఫారం, పెన్షన్ నంబరు కాగితం వెంట తెచ్చుకోండి.

ట్రైనీ పాస్‌పోర్టును తమ దగ్గర పెట్టుకోవడం, "మధ్యలో పోతే ఇంత జరిమానా కట్టాలి" అని రాయించుకోవడం జపాన్ ఇంటర్న్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడి నుంచి ఇంటర్న్‌లను పంపే సంస్థకు జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఆమోదం ఉండాలి. తెలంగాణలో టామ్‌కామ్ కూడా జపాన్ ఉద్యోగాలకు భాష నేర్పించి పంపుతోంది. ముందు అక్కడ అడిగి, తర్వాతే ప్రైవేటు గడప తొక్కండి.

7. పోయేముందు ఇంట్లో పెట్టి పోవాల్సినవి

పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితం, ఏజెంటు రశీదు, టికెట్. ఈ ఆరింటినీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. జిరాక్సు ఒక సెట్టు బీరువాలో పెట్టండి. అక్కడ దిగాక గుర్తింపు కార్డు రాగానే దాని ఫొటో కూడా పంపండి. ఒకే ఫోన్‌లో పెడితే ఆ ఫోన్ పగిలినరోజు అన్నీ పోతాయి.

8. కష్టం వస్తే ఎవరిని అడగాలి

ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, టోల్ ఫ్రీ 1800 11 3090. పోయేముందు సందేహాలకు కూడా చేయొచ్చు.

మదద్ వెబ్‌సైట్. జీతం ఇవ్వకపోయినా, మనిషి జాడ తెలియకపోయినా, మృతదేహం తేవాలన్నా ఇందులో ఫిర్యాదు పెడితే అక్కడి మన ఎంబసీకి చేరుతుంది. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉంటుంది. ఆపదలో టికెట్‌కు, మృతదేహం పంపడానికి దాన్ని వాడతారు.

తెలంగాణవాళ్లకు హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ ఉంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇచ్చే పథకం 2024 నుంచి ఉంది. 2023 డిసెంబర్ 7 తర్వాత జరిగిన మరణాలకు వర్తిస్తుంది. దరఖాస్తు జిల్లా కలెక్టర్ కార్యాలయంలో ఇవ్వాలి. దళారి అవసరం లేదు, ఎవరికీ కమీషన్ ఇవ్వకండి.

గడువు దాటి ఇరుక్కుపోయినవాళ్లకు ఒక మాట. ఆయా దేశాలు అప్పుడప్పుడూ ఆమ్నెస్టీ ప్రకటిస్తాయి. యూఏఈ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఇచ్చింది. ఆ సమయంలో జరిమానా లేకుండా ఇంటికి రావొచ్చు, లేదా వీసా సరిచేసుకోవచ్చు. మీవాళ్లు దాక్కుని ఉంటే, ఎంబసీతో మాట్లాడమని చెప్పండి. ఎంబసీ పోలీస్‌స్టేషన్ కాదు.

9. చదివారు కదా, ఇప్పుడు మీరే చెప్పండి

"విజిట్ వీసా మీద పో, నెలలో కంపెనీ వీసా అయితది" అన్నాడు. ఏం చేయాలి? పోవద్దు. పని వీసా ఇక్కడే చేతికి వచ్చాకే టికెట్.

వీసా మీద ఒక కంపెనీ, కాంట్రాక్టు మీద ఇంకో కంపెనీ. ఏం చేయాలి? డబ్బు కట్టకుండా ఆపి, 1800 11 3090కు ఫోన్ చేసి అడగాలి.

ఏజెంటు 80,000 అడిగి 35,400కే రశీదు ఇస్తానన్నాడు. ఏం చేయాలి? రశీదు లేని రూపాయి ఇవ్వకూడదు.

జపాన్ శిక్షణ అన్నాడు, పంపే సంస్థ పేరు చెప్పడం లేదు. ఏం చేయాలి? పేరు, ఆమోదం చూపించేదాకా పాస్‌పోర్టు చేతికి ఇవ్వకూడదు.

ఆ అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. మదద్‌లో ఫిర్యాదు పెట్టాం. కాన్సులేట్‌వాళ్లు అబ్బాయిని కలిశారు. పని చేయించుకున్నవాళ్లు జీతం ఇవ్వలేదు, పని చేసినట్టు కాగితమే లేదు కాబట్టి. కొన్ని వారాలకు అతను క్షేమంగా ఇల్లు చేరాడు. అప్పు మాత్రం అట్లనే ఉంది. ఇప్పుడు మండల కేంద్రంలో పని చేసుకుంటూ తీరుస్తున్నాడు.

మొన్న ఆ అమ్మ మళ్లీ ప్రజావాణికి వచ్చారు. ఈసారి పక్కింటి అబ్బాయిని వెంటబెట్టుకొచ్చారు. అతనికి వీసా వచ్చిందట. "సారూ, ముందుగాల ఇది సదివి చెప్పు, తర్వాతనే పైసలు కడ్తరు" అన్నారు. చదివాను. కంపెనీ పేరు కలిసింది, పని పేరు కలిసింది. క్లియరెన్స్‌కు దరఖాస్తు ఎట్లా పెట్టాలో చెప్పి పంపాను.

మీరూ అట్లనే రండి. పోయినంక కాదు, పైసలు కట్టకముందే రండి. సోమవారం కలెక్టరేట్‌లో ఉంటాం. చదివి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.